కొబ్బరినీళ్ళ ప్యాకెట్ల వెంట

గోదావరి జిల్లాలకు పోయి వచ్చానంటే మా అనంతపురంలో అందరూ మొదట అడిగేది నీళ్ళ గురించే. ఎక్కడ చూసినా నీళ్ళేనంట కదా, ఇంటి ముందర కాలవలంట కదా, అంటారు. నిజమే. శ్రావణంలో పోయాను కాబట్టి కిందా నీళ్ళే, పైనా నీళ్ళే. వారం రోజుల్లో నా చొక్కా పూర్తిగా ఆరిన పూట లేదు. అయితే నేను పోయింది ఊళ్ళు చూడడానికి కాదు. ఇల్లు వదిలిపోయిన మా బావను వెతకడానికి.

మా నాన్న వేరుశనగ నూనె డబ్బాలు లారీలకెత్తించి ఊళ్ళకు పంపేవాడు. పాలకొల్లులో ఆ డబ్బాలు దించుకుని చిల్లరగా అమ్మే కొట్టు వెంకటరమణ వాళ్ళది. వ్యాపారం కాస్తా వియ్యమైంది. పదేళ్ళ కిందట మా చెల్లెలు శారదను అతనికిచ్చాం. దూరమని అమ్మ ఏడ్చింది. దూరమే, రెండు రైళ్ళు మారాలి. ఈ పదేళ్ళలో నేను అక్కడికి పోయింది రెండు మూడు సార్లు, అదీ శుభకార్యాలకు. ఈసారి శారద ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి, "అన్నా, ఒక్కదాన్నీ వెతకలేకపోతున్నా" అంది. ఆ రాత్రే బయలుదేరాను.

పాలకొల్లు

క్షీరారామం గోపురం వానలో మసకగా ఉంది. బజారు మాత్రం ఆగలేదు. గొడుగుల కిందే బేరాలు సాగుతున్నాయి. మా వైపు వాన పడితే జనం బయటికొచ్చి ఆకాశం చూస్తూ నిలబడతారు. ఇక్కడ దాన్ని పట్టించుకున్నవాడే లేడు.

నాకు గుర్తున్న కొట్టు వేరు. లోపలికి అడుగుపెడితే నూనె వాసన ముఖానికి కొట్టేది. సీసాలు పట్టుకున్న ఆడవాళ్ళు, గరాటు, లీటరు కొలత, నేల మీద జిడ్డు. ఇప్పుడు ఆ డబ్బాలే లేవు. గుమ్మానికి దండల్లా షాంపూ ప్యాకెట్లు, లోపల అట్టపెట్టెల్లో కంపెనీ నూనె ప్యాకెట్లు. శారద అత్తగారు గల్లా దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "రండి బాబూ, ప్రయాణం బాగా జరిగిందా అండి?" అని అడిగి, జవాబు వినకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టిఫిను దిబ్బరొట్టె. మినప్పిండి దళసరిగా పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చే రొట్టె. పైన పెళుసు, లోపల మెత్తన. చెరకు పాకంలో అద్దుకుని తింటారు. కారం లేకుండా పొద్దున్నే తీపి తినడం నాకు చేతకాదు. శారద నాకోసం విడిగా ఎర్రకారం నూరింది. తను మాత్రం పాకంతోనే తింది. పదేళ్ళలో నాలుక కూడా ఈ ఊరిదైపోయింది అనుకున్నాను.

తిన్నాక పెరటి పాకలోకి తీసుకెళ్ళి యంత్రం చూపించింది. మీద కప్పిన పట్టా తీయలేదు, ఒక మూల ఎత్తి పట్టుకుంది. పైన ప్లాస్టిక్ ఫిల్ము రోలు. అది కిందికి దిగుతూ గొట్టంలా చుట్టుకుంటే నిలువునా ఒక అతుకు పడుతుంది. అడుగున అడ్డంగా ఇంకో అతుకు పడ్డాక నీళ్ళు నిండుతాయి, పైన మళ్ళీ అతుకు పడి ప్యాకెట్టు తెగి కింద పడుతుంది. పాల ప్యాకెట్టు అయ్యేదీ ఇట్లాగే. నూనె ప్యాకెట్టూ ఇట్లాగే.

కంపెనీ ప్యాకెట్లు వచ్చి విడి నూనె పడిపోయినప్పుడు బావ బెంగపెట్టుకుని కూర్చోలేదట. ఎండుకొబ్బరి కోసం కాయలు కొట్టే కళ్ళాల్లో నీళ్ళన్నీ కాలవలోకి పోతుంటే చూసి, వీటిని ప్యాకెట్లలో పోస్తే ఎందుకు అమ్ముడుపోవు అనుకున్నాడు. యంత్రం తెచ్చాడు. కూతురి పేరు పెట్టి, పచ్చటి కొబ్బరిబోండాం బొమ్మ వేయించాడు. శ్రావ్య కొబ్బరినీళ్ళు. ఒక వేసవంతా బాగా పోయాయి. రెండో వేసవిలో, అంటే పోయినేడు, కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో పెళ్ళికి పంపాడు. అవి తాగిన వాళ్ళలో కొందరికి వాంతులయ్యాయి. పెళ్ళికూతురి నాయనమ్మ రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది.

"ప్యాకెట్ల వల్లే అని ఎవరూ తేల్చలేదు అన్నా. పెళ్ళి వంటలు, ఎండలు, ఏదైనా కావచ్చు. ఆయన మాత్రం యంత్రం కట్టేశారు. రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు రాజమండ్రి వెళ్ళొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు."

"ఊళ్ళో జనం ఏమన్నా అన్నారా?"

"జనం అనరా? అందుకే వెళ్ళిపోయారనుకున్నాను."

కాలవగట్టు మీది ఊరు

రాజమండ్రి పోయే ముందు ఆ ఇంటికి పోవాలని శారద పట్టుపట్టింది. ఏడాది దాటినా తనింకా పోలేదట. "వాళ్ళేమనుకుంటున్నారో తెలియకుండా ఆయన్ని ఏమని పిలవను?" అంది.

ఊరి పేరు రాయను. పాలకొల్లు నుంచి ఆటోలో దగ్గరే. నీళ్ళు ఆపే లాకుల దగ్గర కాలవ నిండా గుర్రపుడెక్క, దాన్ని ఆనుకుని తెల్లగా, పచ్చగా ఖాళీ ప్యాకెట్లు. పాలవి, నూనెవి, గుట్కావి, మంచినీళ్ళవి. లాకు మనిషి పొడుగాటి కర్రతో వాటిని పక్కకు నెడుతున్నాడు. నెట్టినవి నెట్టినట్టే తిరిగొస్తున్నాయి. ఆటో దిగేటప్పుడు నా చెప్పు ఒకటి బురదలో దిగబడి తెగింది. అట్లా ఒంటి చెప్పుతో ఒక చావింటికి పోయాను.

పోయినావిడ భర్త అప్పారావుగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. శారద తానెవరో చెప్పింది. ఆయన లోపలికి చూసి, "అమ్మాయ్, కాఫీ పట్రా" అని కోడల్ని కేకేశారు. నా కాలివైపు చూసి, "చెప్పు తెగిందాండి? మా బురద అంతేనండి. ఆ మూల నా పాతవున్నాయి, వేసుకెళ్ళండి" అన్నారు. మా వైపైతే ఇంత సంగతి జరిగాక గడప తొక్కనిస్తారా? నాకు నమ్మకం లేదు.

ఆయనే మొదలుపెట్టారు.

"మా ఆవిడ తాగిందమ్మా. నేనూ తాగాను. నాకేం కాలేదు. దానికి మనవరాలి పెళ్ళి చూడాలని ఉండేది. చూసింది. ఆయుష్షు తీరింది, వెళ్ళిపోయింది. మొదట్లో మా అబ్బాయి కేసు పెడతానని ఎగిరాడు. నేనే వద్దన్నాను. కావాలని చేస్తారా ఎవరైనా?"

"ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయారండి" అంది శారద.

ముసలాయన కుర్చీలో ముందుకు జరిగారు. "అయ్యో, అదేంటి? ఆ సంగతి నాకు తెలీదమ్మా. వచ్చేయమని చెప్పు. నేను చెప్పానని చెప్పు. మేమెవరం ఏమీ అనుకోవడం లేదు."

కాఫీ తాగి, ఆయన చెప్పులు వేసుకుని బయటికొచ్చాను. శారద ఆటోలో దారంతా ఏడ్చింది. చాలా రోజుల తర్వాత కాస్త ఊపిరాడిన మనిషి ఏడుపులా ఉంది అది.

రాజమండ్రి

వంతెన మీద రైలు పోతుంటే బోగీలో వాళ్ళందరూ కిటికీల దగ్గరకు జరిగారు. గోదావరి ఎర్రగా, ఒడ్డు తెలియకుండా ఉంది. చెట్ల మొదళ్ళు కొట్టుకుపోతున్నాయి. మా పెన్నలో నేను నీళ్ళు చూసింది చాలా తక్కువ సార్లు. ఇంత నీరు చూస్తే సంతోషం కలగాలి కదా. నాకు భయమేసింది.

బావకు ఫిల్ము రోళ్ళు అమ్మే కొట్టు ఒక ఇరుకు సందులో ఉంది. యజమాని బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్న మనిషి. వెనక గదినిండా అచ్చువేసిన రోళ్ళు. నూనె పేర్లు, పాల పేర్లు, దేవుళ్ళ పేర్లు.

"వెంకటరమణగారా! భలేవారండీ. మా దగ్గర రోళ్ళు కొన్నవాళ్ళలో తేదీ వెయ్యడానికి చోటు పెద్దదిగా వదలమని అడిగింది ఆయనొక్కరేనండి. అంత జాగ్రత్త మనిషి. మిగిలిన రోళ్ళు తిరిగి తీసుకోమని వచ్చారు. ఇంటికి వెళ్ళబుద్ధి కావడం లేదు, ఏదైనా పని చూడమన్నారు. జంగారెడ్డిగూడెంలో మా వాళ్ళది పామాయిల్ ప్యాకింగు ఉంటే పంపానండి. ఇంట్లో చెప్పే వచ్చారనుకున్నాను."

బస్టాండులో ఎండ పొడ కాసేపు కనిపించి ఉక్కపోసింది. నీళ్ళ ప్యాకెట్టు రూపాయి. రెండు కొన్నాను. పంటితో మూల కొరికితే చీలిక సాఫీగా పోక, సగం నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. పక్కన కూర్చున్న మాష్టారొకాయన, "కొరికి లాగకూడదండి, పిండుకోవాలి" అని నేర్పాడు. ఆయన మాటకు నవ్వుతూ శారద వైపు తిరిగాను. తను తన ప్యాకెట్టు విప్పలేదు. రెండు చేతుల్లో పట్టుకుని చూస్తోంది. దాని మీద పచ్చటి కొబ్బరిబోండాం. శ్రావ్య పేరు.

తిరిగి ఇచ్చేసిన రోళ్ళు ఎవరికో అమ్ముడుపోయినట్టున్నాయి. వాళ్ళు వాటిలో మామూలు నీళ్ళు పోసి అమ్ముతున్నారు. బస్టాండు నేలంతా మా మేనకోడలి పేరున్న ఖాళీ ప్యాకెట్లు పరుచుకుని ఉన్నాయి. జనం వాటిని తొక్కుకుంటూ బస్సులెక్కుతున్నారు. శారద కాళ్ళు పైకి ముడుచుకుని బెంచీ మీద కూర్చుంది. బస్సు వచ్చేదాకా కిందికి దించలేదు.

జంగారెడ్డిగూడెం

కొవ్వూరు దాటి పైకి పోతుంటే కాలవలు వెనకబడ్డాయి. ఎర్రనేల వచ్చింది. జీడిమామిడి తోటలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, వరసలుగా పామాయిల్ చెట్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా నేల రంగే కదా. "మన ఊరి మట్టి మాదిరి ఉంది చూడు" అని శారదకు చూపించాను. "అవునండీ" అంది పరధ్యానంగా. అన్నను అండీ అన్నానని తనకు తెలియలేదు.

కొయ్యలగూడెం దగ్గర బస్సు టైరు పంక్చరైంది. మార్చేలోగా పాకహోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అట్టులో ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు. ఒక టిఫినులో ఇంకో టిఫిను! అనంతపురంలో చెప్తే ఎవరూ నమ్మలేదు. హోటలావిడ శారద ముఖం చూసి, "ఒంట్లో బాగోలేదామ్మా?" అని అడిగి, అడక్కుండానే అల్లం టీ ఇచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

ప్యాకింగు షెడ్డులో నూనె వాసన, వేడి, యంత్రాల టకటక. సూపర్‌వైజరు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి మాట్లాడాడు.

"పోయిన నెలలో మానిపించేశామండి. మనిషి మంచోడే. ఏ అలవాటూ లేదు. కానండి, యంత్రం లోంచి పడ్డ ప్రతి ప్యాకెట్టూ తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. నూనె ప్యాకెట్టు వాసన చూస్తే ఏం తెలుస్తుందండి? అతుకు పక్కన చిన్న బుడగ కనపడితే చాలు, బ్లేడుతో కోసి నూనె తిరిగి డ్రమ్ములో పోసేసేవాడు. బానే ఉంది కదయ్యా అంటే వినడు. ఒకరోజు లోడెక్కించిన లారీకి అడ్డంగా నిలబడ్డాడండి, మొత్తం దించమని. ఇక మేమేం చేస్తాం?"

"ఇప్పుడెక్కడున్నారండి?" అంది శారద.

"పిఠాపురంలో ఏదో సత్రంలో వంటశాల పని దొరికిందన్నాడు. అక్కడ ప్యాకెట్లుండవులే అన్నాడండి."

తిరిగి వచ్చే బస్సులో శారద ఒక్క మాటే అంది. "నూనె ప్యాకెట్టు వాసన చూడడమేంటి అన్నా?" ఆ ప్రశ్నకు ఏదో జవాబు నాకు లోపల తోచింది. కిటికీ వైపు తిరిగాను.

పిఠాపురం

కుక్కుటేశ్వరుడి గుడి దగ్గర యాత్రికులు గుంపులుగా ఉన్నారు. మా వైపు గుళ్ళు కొండల మీద ఉంటాయి. ఎక్కి, అలసి, అప్పుడు దేవుణ్ణి చూస్తాం. ఇక్కడ దేవుడు బజారు పక్కనే, పూలకొట్ల మధ్యన ఉన్నాడు. నేను లోపలికి పోయి దండం పెట్టుకున్నాను. శారద రాలేదు. సత్రం వెతకాలంది.

బావ గుండిగలు తోముతున్నాడు. గడ్డం నెరిసింది. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, "శ్రావ్యకేమీ కాలేదు కదా?" అన్నాడు.

"బాగానే ఉంది. నాన్నేడని అడుగుతోంది" అంది శారద.

బంతి లేచేదాకా ఆగమని, మమ్మల్ని ఆఖరి వరసలో కూర్చోబెట్టి తనే వడ్డించాడు. కంద బచ్చలి కూర, పప్పుచారు, మజ్జిగ. మజ్జిగ పోసేముందు గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. అందరూ పోయాక పెరట్లో, వాన చూరు కింద నిలబడ్డాం. శారద అప్పారావుగారి మాటలు చెప్పింది, ఒక్కటీ వదలకుండా. ఆయుష్షు తీరిందన్నారు, కావాలని ఎవరూ చెయ్యరన్నారు, వచ్చేయమన్నారు. చెప్తుంటే తన ముఖం వెలుగుతోంది. బావ ముఖం మాత్రం ఇంకా ఇంకా నల్లబడింది.

"ఆయనకి తెలీదు శారదా" అన్నాడు చివరికి.

"ఏం తెలీదు?"

"ముందురోజు రాత్రి కరెంటు పోయింది. తెల్లారి ఫ్రిజ్జు పెట్టె తీసేసరికి ప్యాకెట్లు ఉబ్బి ఉన్నాయి. మరీ ఎక్కువ కాదు, కొంచెం బిగిశాయి. ఒకటి కోసి చూశాను. పులుపు వాసన. పారబోద్దామనే అనుకున్నాను. గుమ్మంలో పెళ్ళివారి వ్యాను వచ్చి ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. ఐసు తెప్పించి కప్పాను. చల్లబడితే ఉబ్బు తగ్గుతుందని నాకు తెలుసు. అరగంటలో మామూలుగా అయిపోయాయి. అలా చూస్తే ఏమీ లేదనిపించింది. నాకు నేనే నమ్మకం చెప్పుకుని ఎక్కించేశాను."

వాన హోరులో కూడా ప్రతి మాటా వినపడింది. శారద గోడకు ఆనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంట్లో ఉండనిచ్చేదానివి. అది భరించలేను."

నేను కల్పించుకున్నాను. "బావా, అయింది అయిపోయింది. ఆ పెద్దాయన మనసు కుదుటపడి ఉన్నాడు. ఇప్పుడు పోయి చెప్తే ఆయనకు ఒరిగేదేముంది? ఈ మాట మన ముగ్గురి మధ్యనే ఉండనీ. ఇంటికి పోదాం పా."

"అలాగైతే రాను బావా. ఆ ఊరి మీదుగా కాలవ నీళ్ళు మా ఊరొస్తాయి. రోజూ ఆయనకి కనపడకుండా ఎలా బతకను?"

శారద కళ్ళు తుడుచుకుంది. "అయితే చెప్పడానికే రండి. ముందు ఆ ఇంటికి, తర్వాత మనింటికి."

"శారదా, ఆలోచించు" అన్నాను.

"ఆయన నాకు కాఫీ ఇచ్చారు అన్నా. నేనేమీ తెలియకుండా తాగాను. తెలిశాక ఊరుకుంటే ఎలా?"

మళ్ళీ కాలవగట్టుకు

వాన తెరిపిచ్చిన పూట పోయాం. అప్పారావుగారు అదే వసారాలో ఉన్నారు. దూరం నుంచే బావను పోల్చుకుని, "వచ్చారా బాబూ! రండి రండి" అని చెయ్యి చాపారు. బావ ఆ చెయ్యి అందుకోలేదు. మెట్టు కిందే నిలబడి చెప్పేశాడు. ఉబ్బిన సంగతి, వాసన సంగతి, ఐసు సంగతి. ఏదీ తగ్గించలేదు. ఎన్నాళ్ళనుంచో లోపల చెప్పుకుంటున్న మాటలు కదా.

చాచిన చెయ్యి మెల్లగా కుర్చీ చేతిపట్టె మీదికి దిగింది. కోడలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ముసలాయనే, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

"బాబూ, అది ఆయుష్షు తీరి పోయిందనుకుని రోజూ పడుకుంటున్నాను. ఇవాళ్టి నుంచి ఏమనుకుని పడుకోమంటారండి?"

బావ వంగి ఆయన కాళ్ళు ముట్టబోయాడు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"వెళ్ళండి. మీ ఆవిడ ఉంది, పాప ఉంది. ఇంటికి వెళ్ళండి. మళ్ళీ ఇటు రావద్దు" అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయారు. కోడలు తలుపు దగ్గరగా వేసింది.

పాలకొల్లు చేరేసరికి సందెవేళ అయింది. శ్రావ్య తండ్రిని చూసి ముందు బామ్మ వెనక దాక్కుంది, తర్వాత మెడకు చుట్టుకుంది. అందరూ ఏడ్చారు. వేడన్నంలో నెయ్యి వేసి పెడితే బావ మారు అడిగి తిన్నాడు.

మర్నాడు నా రైలు టైముకి బావ ఇంకా లేవలేదు. చెప్పి పోదామని గదిలోకి తొంగిచూశాను. కూతురి పక్కన, నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియని నిద్ర.

"లేపకు అన్నా. ఏడాదికి నిద్రపోతున్నారు" అంది శారద.

లేపలేదు. శారద నాతోబాటు వీధి మలుపు దాకా వచ్చి, రిక్షా ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ ఆ పెద్దాయన పడుకుని ఉంటారంటావా?"

రిక్షావాడు తొందరపడుతున్నాడు. నేను శారద చెయ్యి నొక్కి ఎక్కి కూర్చున్నాను.